జనవరి 3 ఉదయం, పట్టికలో ఆఖరి జట్టు

2026 జనవరి 3, శనివారం, సెయింట్ లూయిస్.

ఈ తేదీని మా ఊళ్ళో ఎవరూ వేడుకగా జరుపుకోరు. జరుపుకోదగిన తేదీ జూన్ 12. 2019లో ఆ రాత్రే సెయింట్ లూయిస్ బ్లూస్ ఐస్ హాకీ జట్టు బోస్టన్‌లో ఏడో ఫైనల్ ఆట గెలిచి, తన చరిత్రలో మొట్టమొదటిసారి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పును అందుకుంది. అయినా ఆ సీజన్ కథ చెప్పేవాళ్ళెవరూ జూన్‌తో మొదలుపెట్టరు, ఆ ఏటి జనవరి 3 ఉదయంతోనే మొదలుపెడతారు. ఆ ఉదయానికి బ్లూస్ 37 ఆటలు ఆడి, 15 గెలిచి, 34 పాయింట్లతో, 31 జట్లున్న నేషనల్ హాకీ లీగ్ పట్టికలో 31వ స్థానంలో ఉంది. ఈ ఏడు అదే తేదీ శనివారం నాడు వచ్చింది. పెద్ద పనులేవీ లేవు. పైగా వినే ఓపిక, ప్రశ్నలు వేసే అలవాటు రెండూ ఉన్న మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. అందువల్ల ఈ రోజంతా ఆ సీజన్ ముచ్చట్లతోనే గడిచింది.

ఉదయం మా అబ్బాయి స్కేటింగ్ క్లాసుకు మేరీలాండ్ హైట్స్‌లోని రింకుకు వెళ్ళాము. బ్లూస్ జట్టు సాధన చేసేది కూడా అక్కడే. స్వెటర్ మీద స్వెటర్, దాని మీద కోటు, తలకు మంకీ క్యాప్ వేసుకుని బెంచీ మీద కూర్చున్న మామయ్యగారు, పిల్లలు పడిపోతూ లేస్తూ ఉండటాన్ని కాసేపు చూసి, "హాకీ అంటే నాకు ధ్యాన్‌చంద్ తెలుసు బాబూ, ఈ మంచు హాకీకి లెక్కలెలా ఉంటాయి?" అని అడిగారు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక్కొక్క జట్టు 82 ఆటలు ఆడుతుందనీ, గెలిస్తే రెండు పాయింట్లనీ, మామూలు సమయంలో సమంగా నిలిచి ఆ తరువాత ఓడితే ఒక పాయింటు దక్కుతుందనీ, విభాగాలవారీగా పైనున్న 16 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్ళి, ఒక్కొక్క దశలో ముందుగా నాలుగు ఆటలు గెలిచినవాళ్ళు నిలుస్తారనీ చెప్పాను. ఆయన రెవెన్యూ శాఖలో పని చేసి రిటైరైన మనిషి. లెక్క ఒకసారి వింటే చాలు. "అయితే ఈ ఊరి జట్టు ఎప్పుడైనా గెలిచిందా?" అన్నది రెండో ప్రశ్న. క్లాసు ముగియడానికి ఇంకా చాలా సమయం ఉంది కాబట్టి మొదటి నుంచీ చెప్పాను.

1967లో లీగ్ ఆరు జట్ల నుంచి పన్నెండుకు పెరిగినప్పుడు పుట్టిన జట్లలో బ్లూస్ ఒకటి. కొత్త జట్లు ఆరింటినీ ఒకే విభాగంలో పెట్టడం వల్ల వాటిలో ఒకటి తప్పనిసరిగా ఫైనల్‌కు వెళ్ళేది. 1968, 1969, 1970 సంవత్సరాలలో ఆ అవకాశం వరుసగా బ్లూస్‌కే దక్కింది, మూడుసార్లూ ఒక్క ఆట కూడా గెలవకుండానే ఓడిపోయింది. మొదటి రెండుసార్లు మాంట్రియల్ చేతిలో, మూడోసారి బోస్టన్ చేతిలో. 1970 ఫైనల్‌ను ముగించిన గోల్ కొట్టి గాలిలోకి ఎగిరిన బాబీ ఓర్ ఫొటో ఈ ఆటలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన ఫొటో కావచ్చు, అందులో ఓడిపోతున్నది మాత్రం మా జట్టే. ఆ తరువాత 49 ఏళ్ళపాటు ఫైనల్ ముఖం చూడలేదు.

2018 వేసవిలో మాత్రం ఊరికి ఆశ పుట్టింది. బఫెలో జట్టు నుంచి ర్యాన్ ఓ'రైలీని తీసుకున్నారు. డేవిడ్ పెరాన్ మళ్ళీ వచ్చాడు. టైలర్ బోజాక్ చేరాడు. సెయింట్ లూయిస్‌లోనే పుట్టి పెరిగిన పాట్ మరూన్ సొంత ఊరికి ఆడటానికి ఒప్పుకున్నాడు. ఇంత జరిగాక నవంబరు 19న, లాస్ ఏంజెలిస్ చేతిలో 2-0తో ఓడిన రాత్రి, కోచ్ మైక్ యోను తొలగించి, సహాయకుడైన క్రెయిగ్ బెరూబీకి తాత్కాలికంగా బాధ్యత అప్పగించారు. డిసెంబరులో ఒక రోజు సాధన మధ్యలో సొంత జట్టు ఆటగాళ్ళే, రాబర్ట్ బోర్టుజో, జాక్ శాన్‌ఫర్డ్, ముష్టియుద్ధానికి దిగారు. ఆ వీడియో ఆఫీసులో చేతులు మారుతూ నా దాకా వచ్చింది. నాకు అప్పటికి హాకీ అంతగా తెలియదు గానీ, ఇది కుదురుగా ఉన్న ఇల్లు కాదని మాత్రం అర్థమైంది.

జనవరి 3 గురించి నాకున్న అభ్యంతరాన్ని ఇక్కడే మామయ్యగారికి చెప్పాను. అందరూ దానిని అద్భుతానికి నాందిగా చెప్పుకుంటారు, కానీ ఆ రోజు విశేషమేమీ జరగలేదు. ఆ రాత్రి బ్లూస్ అంతకుముందు ఏటి విజేత వాషింగ్టన్‌ను 5-2తో ఓడించింది. రెండు రోజుల తరువాత న్యూయార్క్ ఐలాండర్స్ చేతిలో మళ్ళీ ఓడింది. మలుపు తిరిగిందని ఆ వారంలో ఎవరికీ అనిపించలేదు. పైగా ఆ పట్టిక కూడా పూర్తి నిజం చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి బ్లూస్ ఆడినవి చాలా జట్ల కంటే తక్కువ ఆటలు. సీజన్‌లో 45 ఆటలు మిగిలి ఉండగా ఆఖరి స్థానమన్నది ఆ పూటకు మాత్రమే చెల్లే సంగతి, ఆ మాట తరువాత చెప్పడం సులువేనని నాకూ తెలుసు.

నిజంగా మారినదేమిటంటే గోల్ ముందు నిలబడే మనిషి. జనవరి 7న ఫిలడెల్ఫియాలో జోర్డన్ బినింగ్టన్ అనే గోలీ మొదటిసారి ఆరంభం నుంచి ఆడాడు. 2011లో ఎంపిక చేసుకున్న కుర్రవాడిని ఇన్నేళ్ళూ చిన్న లీగ్‌లలోనే తిప్పారు. ఒక దశలో అంతకన్నా కింది లీగ్‌కు వెళ్ళమంటే అతను ఒప్పుకోలేదు, దాంతో వేరే జట్టుకు అరువిచ్చారు. ఆ రాత్రి అతను 25 షాట్లను ఆపి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా 3-0తో గెలిపించాడు. సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో 24 విజయాలు, మామూలు సమయంలో 5 ఓటములు, ఆ పైన ఒక్కటి ఉన్నాయి. ఆటకు సగటున రెండు గోల్స్ కూడా ఇవ్వలేదు. ఒత్తిడిగా ఉందా అని ఒక విలేకరి అడిగితే, అలా కనిపిస్తున్నానా అని ఎదురు ప్రశ్న వేసి ఊరుకున్నాడు. ఆ మాట మామయ్యగారికి బాగా నచ్చింది.

జనం మాత్రం గోలీ కన్నా ఎక్కువ ఘనత ఒక పాటకు కట్టబెట్టారు. ఆ ఆటకు ముందు రోజు కొందరు ఆటగాళ్ళు ఫిలడెల్ఫియాలో ఒక బార్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూస్తుండగా, విరామంలో లారా బ్రానిగన్ 1982లో పాడిన 'గ్లోరియా' వేస్తే అక్కడి జనం ఊగిపోవడం చూసి, దానినే తమ విజయగీతం చేసుకున్నారు. ఆ వసంతమంతా సూపర్ మార్కెట్లలోనూ పెట్రోలు బంకుల దగ్గరా ఆ పాటే వినబడింది. పాట బాగానే ఉంటుంది, కానీ పాట పక్‌ను, అంటే ఈ ఆటలో బంతికి బదులుగా వాడే రబ్బరు బిళ్ళను, ఆపదు.

రెండో మార్పు బెరూబీ తెచ్చినది. ఆడిన రోజుల్లో ఆయన మొరటు ఆటకు పేరుపడ్డవాడు, వెయ్యికి పైగా ఆటలు ఆడాడు. అనవసరమైన సొగసులు వదిలి, పక్‌ను నేరుగా ముందుకు పంపి, ఎదుటి జట్టు మూలల్లోకి ఒళ్ళు పెట్టి వెళ్ళి దానిని దక్కించుకునే ఆటను అలవాటు చేశాడు. చూడటానికి అందంగా ఉండదు. ఆట ఆఖరిదైన మూడో పీరియడ్‌కు వచ్చేసరికి ఎదుటివాళ్ళు అలసిపోయి ఉంటారు. విచిత్రమేమిటంటే, కప్పు చేతికి వచ్చే రోజు దాకా ఆయన హోదా ముందున్న 'తాత్కాలిక' అన్న మాటను ఎవరూ తీసెయ్యలేదు. "మా దగ్గర ఫుల్ అడిషనల్ ఛార్జితోనే రిటైరైనవాళ్ళు ఉన్నారు బాబూ, పని వాళ్ళదే, పేరు మాత్రం వచ్చేవాడిది" అన్నారు మామయ్యగారు, ఏదో పాత సంగతి గుర్తుకొచ్చినట్టుగా.

నాకు ఆ సీజన్‌లో అన్నిటికన్నా ఇష్టమైన నెల జూన్ కాదు, ఫిబ్రవరి. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి 19 దాకా బ్లూస్ వరుసగా 11 ఆటలు గెలిచింది; జట్టు చరిత్రలో అంతకుముందెప్పుడూ అన్ని వరుస విజయాలు లేవు. పదకొండోది టొరంటో మీద ఓవర్‌టైమ్‌లో ఓ'రైలీ గోల్‌తో వచ్చింది. ఆఫీసులో ఒకరి దగ్గర టికెట్ మిగిలితే ఆ రాత్రి నేనూ వెళ్ళాను. నిబంధనలు సగం తెలియవు, పక్ ఎక్కడుందో కంటికి ఆనదు, అయినా పక్కనున్న పెద్దావిడ, ఏళ్ళ తరబడి అదే సీటులో కూర్చుంటున్నావిడ, ప్రతి ఈల శబ్దానికీ కారణం నాకు ఓపికగా చెబుతూ వచ్చింది. కప్పు వస్తుందని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ప్లేఆఫ్స్‌కు వెళితే చాలంది. చివరకు మిగిలిన 45 ఆటలలో 30 గెలిచి, 10 ఓడి, 5 అదనపు సమయంలో పోగొట్టుకుని, మొత్తం 99 పాయింట్లతో బ్లూస్ తన విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. ఆ 45 ఆటల లెక్కను ఇంటికి వచ్చే దారిలో కారులో మామయ్యగారు రెండుసార్లు చెప్పించుకున్నారు.

ప్లేఆఫ్స్ సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర వచ్చింది. ఊరివాళ్ళు మరిచిపోయిన ఒక నిజం ఉంది: ఆ ప్లేఆఫ్స్‌లో బ్లూస్ సొంత మైదానంలో 13 ఆటలాడి 6 మాత్రమే గెలిచింది, బయట 13 ఆడి 10 గెలిచింది. "అయితే డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడు ఓటమే ఎక్కువ చూశాడన్నమాట" అన్నారు మామయ్యగారు పెరుగన్నం కలుపుకుంటూ. మాట నిజమే. సొంత మైదానపు ఆరు విజయాలలో ఒకటి మాత్రం మిగతా ఓటములన్నిటినీ మాఫీ చేసింది. డల్లాస్‌తో ఏడో ఆట మే 7న రెండో ఓవర్‌టైమ్‌కు వెళ్ళింది. డల్లాస్ గోలీ బెన్ బిషప్ 52 షాట్లను ఆపాడు. చివరకు గోల్ కొట్టినవాడు పాట్ మరూన్. మరూన్ ఈ ఊరివాడు, బిషప్ కూడా ఈ ఊళ్ళో పెరిగినవాడే.

తరువాతి దశలో శాన్ హోసేతో మూడో ఆటలో బ్లూస్‌ను ఓవర్‌టైమ్‌లో ఓడించిన గోల్‌కు ముందు, శాన్ హోసే ఆటగాడొకడు పక్‌ను చేత్తో తోశాడు. అది నిబంధనకు విరుద్ధం, టీవీ చూస్తున్న ప్రతివాడికీ కనిపించింది, నలుగురు అధికారులలో ఒక్కరికీ కనిపించలేదు, వీడియో చూసి సరిదిద్దే వెసులుబాటు అప్పటి నియమాలలో లేదు. ఊరు ఊరంతా మండిపడింది. బెరూబీ మాత్రం ఆటగాళ్ళను ఆ సంగతి పట్టుకుని వేలాడనివ్వలేదు; తరువాతి మూడు ఆటలనూ 2-1, 5-0, 5-1తో గెలిచి జట్టు ఫైనల్‌కు వెళ్ళింది. పట్టికలో ఆఖరుకు పడిపోయిన జట్టు అక్కడి నుంచి లేచింది ఏ దైవబలంతోనో కాదు, నిన్నటి ఆటను నిన్నటితోనే వదిలెయ్యడం డిసెంబరు నాటి దెబ్బలతో నేర్చుకుంది కాబట్టేనని నా నమ్మకం. ఫైనల్ కూడా అదే చూపించింది. బోస్టన్ ఇక్కడికి వచ్చి మూడో ఆటను 7-2తో, కప్పు ఊళ్ళోనే ఎత్తుదామని అందరూ సిద్ధమైన ఆరో ఆటను 5-1తో గెలిచింది. రెండుసార్లూ బ్లూస్ మరుసటి ఆట గెలిచింది.

మామయ్యగారిని బాగా నవ్వించినది మాత్రం ఫైనల్‌లో రెండో ఆట. మూడో పీరియడ్ చివర్లో కార్ల్ గున్నార్సన్ కొట్టిన షాట్ గోల్ పోస్టుకు తగిలి పోయింది. ఓవర్‌టైమ్‌కు ముందు అతను మూత్రశాలలో కోచ్ పక్కన నిలబడి, నాకు ఇంకొక్క అవకాశం చాలు అని చెప్పాడట; కాసేపటికి అన్నట్టే గోల్ కొట్టాడు. 1968 నుంచి అప్పటిదాకా ఫైనల్స్‌లో బ్లూస్ గెలిచిన మొట్టమొదటి ఆట అదే. మొదటి ఏడాది నుంచీ జట్టుతో ఉన్న బాబ్ ప్లేగర్ ఆ ఆటనూ, జూన్ 15న మార్కెట్ స్ట్రీట్‌లో జరిగిన ఊరేగింపునూ కళ్ళారా చూశాడు. 2021లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

రాత్రి పిల్లవాడి పట్టుదల మీద ఫైనల్ ఏడో ఆట రికార్డింగ్ పెట్టాము. మొదటి పీరియడ్ అంతా బోస్టన్ దాడే: వాళ్ళవి 12 షాట్లు, బ్లూస్‌వి 4. బౌమీస్టర్ దూరం నుంచి కొట్టినదానిని ఓ'రైలీ కర్ర అంచుతో మళ్ళించి ఒక గోల్ చేశాడు, పీరియడ్ ముగియడానికి 8 సెకన్లుండగా కెప్టెన్ అలెక్స్ పియట్రాంజెలో రెండోది చేశాడు. మామయ్యగారు టీవీ మూలనున్న అంకెలను చూసి, "పన్నెండు కొట్టినవాళ్ళకు సున్నా, నాలుగు కొట్టినవాళ్ళకు రెండు. ఈ గోలీ బోస్టన్ వాళ్ళకు ముందు కనబడలేదా?" అన్నారు. ఉదయం చెప్పకుండా దాచిన సంగతి అప్పుడు చెప్పాను: అంతకుముందు ఏడాది బినింగ్టన్‌ను అరువుకు పంపినది ప్రావిడెన్స్‌కు, అది బోస్టన్‌కు అనుబంధంగా నడిచే జట్టే. హక్కులు బ్లూస్‌వే అయినా, సీజన్ పొడుగునా ఆ మనిషి ఆడింది బోస్టన్ వాళ్ళ కళ్ళముందే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది మా శాఖలోనే జరుగుతుందనుకున్నాను" అన్నారు. పది దాటడంతో మా ఆవిడ టీవీ ఆపించింది. మిగతా రెండు పీరియడ్లూ రేపు టిఫిన్లు అయ్యాక చూడాలని, తాను లేకుండా మొదలుపెట్టవద్దని మామయ్యగారు మనవడికి గట్టిగా చెప్పి పడుకున్నారు.