పాత కారు పనులు: హెడ్‌లైట్ల వారం

శనివారం రాత్రి. ద్వారకా తిరుమల నుంచి వస్తుంటే భీమడోలు దాటాక రెండు హెడ్‌లైట్లూ ఒకేసారి పోయాయి. డిమ్ లేదు, బ్రైట్ లేదు. పార్కింగ్ లైట్లు, హారన్, వైపర్ మామూలే. ఇండికేటర్లు వేసుకుని ఓ లారీ వెనకాలే మెల్లగా ఏలూరు చేరాం. దారి పొడుగునా అమ్మ గోవింద నామాలే.

ఆదివారం. రెండు బల్బులూ ఒకేసారి మాడడం అరుదే, అయినా ముందు అవే విప్పాను. హెచ్4 రకం (ఒకే బల్బులో బ్రైట్‌కొకటి, డిమ్‌కొకటి రెండు ఫిలమెంట్లు), 60/55 వాట్లు. నేరుగా బ్యాటరీకి పెడితే భేషుగ్గా వెలిగాయి. (గాజును వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే బల్బు త్వరగా పోతుంది.) ఫ్యూజులు బాగున్నాయి. హోల్డర్‌లో మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు. అన్నీ ఉన్నాయి, వెలుగే లేదు! స్టీరింగ్ దగ్గరి కాంబినేషన్ స్విచ్ మీద అనుమానంతో కవరు విప్పి మధ్యాహ్నమంతా దండగ చేసుకున్నాను.

సాయంత్రం ఎలక్ట్రికల్ పని తెలిసిన మా బావమరిదికి ఫోన్ చేశాను. "బల్బు పెట్టి కొలిచావా బావా, తీసేసి కొలిచావా?" అన్నాడు.

తీసేసే. మల్టీమీటర్ కరెంటు దాదాపు లాగదు కాబట్టి తుప్పు పట్టిన కనెక్షన్‌లోనూ పూర్తి వోల్టేజి చూపిస్తుంది. బల్బు నాలుగైదు ఆంపియర్లు అడిగినప్పుడే దాని బండారం బయటపడేది.

ఈసారి బల్బు పెట్టి, లైటు ఆన్ చేసి, మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర వైరు హోల్డర్ వెనక ఎర్త్ పిన్‌కి (బల్బు దాటిన కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) ఆనించాను. సున్నా దగ్గర ఉండాల్సింది 11.3 చూపించింది. బల్బు దాటిన కరెంటుకి తిరుగుదారి లేదన్నమాట. అప్పుడు గుర్తొచ్చింది: డిమ్‌లో పెట్టినా డ్యాష్‌బోర్డులో బ్రైట్ తాలూకు నీలం లైటు గుడ్డిగా వెలుగుతూనే ఉంది. ఎర్త్ దొరకని కరెంటు బల్బులోని రెండో ఫిలమెంట్ గుండా వెనక్కి వెళ్లి, ఆ చిన్న లైటు ద్వారా బాడీకి చేరుతోంది. శనివారమే కళ్లెదుట కనిపించిన క్లూ, పట్టించుకోలేదు.

ఈ కారులో రెండు లైట్ల ఎర్త్ వైర్లూ ఎడమ లైటు వెనక ఒకే బోల్టుకి వస్తాయి. పోయినేడు టింకరింగ్, పెయింటింగ్ చేయించినప్పుడు కొత్త రంగు మీదే దాన్ని బిగించేశారు, రంగు గుండా కరెంటు పోదు. బోల్టు థ్రెడ్ల పుణ్యాన ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది, వానలకి అవీ తుప్పు పట్టాయి. రంగు గీకి, ఎమెరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు టెర్మినల్ వేసి, పళ్ల వాషర్‌తో బిగించి, పైన వాసెలిన్ పూశాను. మొత్తం ఖర్చు యాభై రూపాయల లోపే. ఇప్పుడు అదే కొలత 0.06.

కుడి హోల్డర్ మాత్రం మాడి గోధుమరంగుకి తిరిగింది. పాత ఓనరు ఎక్కువ వేడెక్కే 100/90 వాట్ల బల్బులు వాడినట్టున్నాడు. వచ్చే వారం విజయవాడ ఆటోనగర్ వెళ్లి సిరామిక్ హోల్డర్లు, రెండు రిలేలు (లైట్ల కరెంటు భారం స్విచ్ మీద పడకుండా చూసేవి) తేవాలి. స్టీరింగ్ కవరు స్క్రూ ఒకటి ఇంకా దొరకలేదు.