మబ్బుకు తోడు కుదిర్చిన రోజులు

తోడుగా ఉన్న ఎలుక చనిపోయాక నా పెంపుడు ఎలుక మబ్బు బాగా డీలా పడిపోయింది. పిలిస్తే వచ్చేది, చేతిలో పెట్టింది తినేది, మళ్లీ పోయి పంజరం మూలన ముడుచుకునేది. ఎలుకలు గుంపుగా బతికే జీవులు. నేను ఎంతసేపు ఒళ్లో కూర్చోబెట్టుకున్నా, రాత్రంతా ఒంటికి ఒరిగి పడుకుని మెడ మీది బొచ్చు నాకి శుభ్రం చేసే మరో ఎలుక లోటు తీర్చలేను. వాటి ఆయుష్షే 2, 3 ఏళ్లు. అందులో మిగిలిన కాలమంతా అది ఒంటరిగా గడపడం నాకు ఇష్టం లేకపోయింది.

ఒకటి కాదు, రెండు ఎలుక పిల్లల్ని తెచ్చాను. ఒక్క పిల్లే వస్తే పెద్దదాని కోపమంతా దానిమీదే పడుతుంది. పిల్ల ఆటలన్నీ పెద్దదాని నెత్తి మీదే సాగుతాయి. రెండుంటే వాటి ఆట అవి ఆడుకుంటాయి. పైగా రేపు మబ్బు లేకపోయినా ఇవి ఒకదానికొకటి ఉంటాయి. నల్లదానికి మిరియం అని, ఎర్ర కళ్ల తెల్లదానికి దూది అని పేర్లు పెట్టాను. మూడూ మగవే. ఆ సంగతి వెటర్నరీ డాక్టరుకు చూపించి రూఢి చేసుకున్నాను. ఎలుకలు 5 వారాల వయసుకే జతకట్టగలవు, గర్భం 3 వారాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కాబట్టి ఈ విషయంలో అంచనాతో సరిపెట్టుకోకూడదు.

మొదటి 2 వారాలు పిల్లల్ని వేరే గదిలో, తలుపు మూసి ఉంచాను. శ్వాసకోశాన్ని దెబ్బతీసే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా చాలా పెంపుడు ఎలుకల్లో ముందునుంచే ఉంటుంది, ఒత్తిడి కలిగినప్పుడు తలెత్తుతుంది. అంతకంటే నన్ను భయపెట్టినవి ఊపిరితిత్తులకు సోకే సెండాయ్ వైరస్, లాలాజల గ్రంథులు ఉబ్బేలా చేసే ఎలుకల కరోనా వైరస్. ఇవి ఒకదాన్నుంచి మరొకదానికి చాలా వేగంగా పాకుతాయి. అందుకే ముందు మబ్బు పనులన్నీ ముగించుకుని, ఆ తర్వాతే పిల్లల దగ్గరికి వెళ్లేదాన్ని. బయటికి రాగానే చేతులు కడుక్కుని బట్టలు మార్చుకునేదాన్ని. తుమ్ములు, ఊపిరిలో చప్పుడు, బొచ్చులో పేలు ఉన్నాయేమోనని రోజూ చూసేదాన్ని. దూది కళ్ల చుట్టూ ఎర్రటి మరక కనిపించింది. అది రక్తం కాదు, కంటి వెనుక గ్రంథి నుంచి ఊరే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం. బెదిరినా, ఒంట్లో బాగోకపోయినా ఎక్కువగా వస్తుంది. కొత్త చోటుకు అలవాటు పడుతున్నకొద్దీ అది తగ్గిపోయింది.

ఆ గడువు ముగిశాకే వాసనల మార్పిడి మొదలుపెట్టాను. ముందే చేస్తే వేరుగా ఉంచిన ప్రయోజనమే పోతుంది. మబ్బు పడుకున్న గుడ్డను పిల్లలకు, పిల్లల గుడ్డను మబ్బుకు ఇచ్చాను. పంజరాలను ఒకే గదిలో పెట్టినా ఆనించి పెట్టలేదు. ఊచల సందుల్లోంచి కాలివేళ్లు, తోకలు కొరికేసుకుంటాయి. కొట్లాటకు దారి ఉండి, తప్పించుకోవడానికో రాజీపడడానికో వీలు లేని ఏర్పాటు అది.

మొదటి కలయికకు ఎవరిదీ కాని చోటు కావాలి. స్నానాల తొట్టిలో తువ్వాలు పరిచి ముందు పిల్లల్ని వదిలాను, తర్వాత మబ్బును. మందపాటి చేతి తొడుగులు, మరో తువ్వాలు పక్కన పెట్టుకున్నాను. నిజంగా పోట్లాడుకుంటున్న ఎలుకల మధ్య ఉత్త చెయ్యి పెడితే లోతైన గాటు తప్పదు. మబ్బు నేరుగా వెళ్లి మిరియాన్ని వాసన చూసింది, వెల్లకిలా పడేసింది, ముందు కాళ్లతో నొక్కిపట్టి మెడ మీది బొచ్చు గట్టిగా నాకింది. మిరియం కీచుమంది. ఆ కీచు విన్నప్పుడు గుండె గుబేలుమంటుంది, వెంటనే తీసేయాలనిపిస్తుంది. తీయకూడదు. పెద్ద ఎవరో, ఒదగాల్సింది ఎవరో తేల్చుకునే మాట అది. మధ్యలో విడదీస్తే ఆ లెక్క తేలదు, మర్నాడు మళ్లీ మొదటికి వస్తుంది.

నేను కనిపెట్టి చూసింది రెండే. ఒకటి, నోరు ఎటు వెళుతోందన్నది. ఆటలో ఎలుకలు మెడ వెనుక భాగం కోసం ఎగబడతాయి. నిజమైన పోరులో నడుము, తొడల వైపు కరుస్తాయి. రెండోది బొచ్చు. ఒళ్లంతా బొచ్చు నిక్కబొడుచుకుని, వీపు వంచి, పక్కవాటుగా జరుగుతూ మీదికొస్తుంటే, తోక చివర కొట్టుకుంటుంటే, బుసలాంటి శబ్దం వస్తుంటే జాగ్రత్తపడాలి. రక్తం కనిపించినా, రెండూ ఉండచుట్టుకుని దొర్లినా మాత్రమే వేరు చేయాలి. తొట్టిలో మబ్బు బొచ్చు ఒకటి రెండుసార్లు లేచింది, మళ్లీ అణిగింది. పళ్లు ఎక్కడా దిగలేదు.

ఆ తర్వాత ప్రయాణాలకు వాడే చిన్న పెట్టెలోకి మూడింటినీ మార్చాను. చోటు చిన్నదైతే కొట్లాట పెరుగుతుందని అనిపిస్తుంది గానీ జరిగేది అందుకు విరుద్ధం. కాపాడుకోవాల్సిన మూల ఏదీ లేనప్పుడు ఎవరికీ హక్కులుండవు, ఒంటికి ఒళ్లు తగులుతూ ఉండక తప్పదు. కాసేపు తోపులాట, తర్వాత అలసట, తర్వాత నిద్ర. మూడూ ఒకేచోట ఒత్తిగిలి పడుకున్నాకే కాస్త పెద్ద పంజరంలోకి, అక్కడా అలాగే పడుకున్నాక మరికాస్త పెద్దదానిలోకి. ఈ ఒక్క నియమాన్ని నేను ఎక్కడా సడలించలేదు. గడియారం చెప్పే వేళ కన్నా వాటి నిద్ర చెప్పే మాటే నమ్మదగింది.

పాత పెద్ద పంజరం దగ్గరే కష్టమొచ్చింది. ఊచలు, అరలు అన్నీ సబ్బునీళ్లతో కడిగి, ఊయలలు, గొట్టాల చోట్లు మార్చినా మబ్బు తన పై అరను గుర్తుపట్టింది. దూది మెట్టెక్కితే చాలు, బొచ్చు లేపి వెంటబడేది. మూడింటినీ మళ్లీ వెనకటి చిన్న పంజరంలోకి తెచ్చాను. ఏడాది వయసు మగ ఎలుకలో హార్మోన్ల ఉద్ధృతి ఉంటుంది కాబట్టి వృషణాలు తీసేసే ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడి పెట్టుకున్నాను. అది చేయించినా ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పారు. చివరకు ఆ అవసరం రాలేదు. మరోసారి పెద్ద పంజరానికి మార్చేటప్పుడు పై అరలు తీసేసి నేల అంతస్తు మాత్రమే ఉంచాను. ఒకే ద్వారం ఉన్న గూళ్లు తీసి, రెండువైపులా దారున్న గొట్టాలు పెట్టాను. మేత గిన్నెలు, నీటి సీసాలు రెండేసి చొప్పున వేర్వేరు మూలల్లో ఉంచాను. అరలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. ఆ వారాల్లో రోజూ మూడింటినీ చేతుల్లోకి తీసుకుని బొచ్చు విడదీసి గాట్ల కోసం వెతికేదాన్ని, బరువు తూచి రాసుకునేదాన్ని. పెద్దది మేత దగ్గరికి రానివ్వకపోతే ముందుగా తగ్గేది పిల్లల బరువే.

ఇప్పుడు మబ్బు మునుపటిలా తింటోంది, పిల్లల వెంట పై అర దాకా ఎక్కుతోంది. మిరియాన్ని ఇప్పటికీ రోజుకోసారి వెల్లకిలా పడేస్తుంది, అది పేచీ పెట్టకుండా పడి ఉంటుంది. చిన్న పంజరాన్ని మాత్రం కడిగి అందుబాటులోనే ఉంచాను. పిల్లలు 6 నెలలు దాటి యౌవనంలోకి వచ్చాక పెద్దరికం కోసం మళ్లీ పోటీ రావచ్చు.