చిన్నప్పటి కాన్సర్‌కీ ఇప్పటి మతిమరుపుకీ లింకు ఉందా: నా అనుభవం

నాకు ఆరేళ్లప్పుడు బ్లడ్ కాన్సర్ వచ్చింది. ఏఎల్ఎల్ అంటారు, పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కాన్సర్ అదే. 1996లో మొదలైన వైద్యం రెండేళ్లకు పైనే సాగింది. తగ్గిపోయాక మా ఇంట్లో ఆ ఊసే లేదు. పెళ్లి కుదిరేటప్పుడు మా ఆయనకు నేనే చెప్పాను. చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ తెలీదు.

నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. జూన్, జూలైల్లో తోతాపురి లారీలు గేటు బయట వరసగా నిలబడతాయి. కాటా దగ్గరి కుర్రాడు లారీ నంబరు, బరువు కేకేసి చెప్తాడు. నంబరు రాసుకునేలోపు బరువు బుర్రలోంచి పోయేది. మధ్యలో ఫోన్ మోగిందా, రెండూ పోయేవి. ముప్పై దాటాక ఇది బాగా ఎక్కువైంది. "ఏం మే, ఇప్పుడే చెప్తిని గదా, అప్పుడే మర్చిపోతివా?" అని మా అమ్మ. టెన్షన్ అన్నారు కొందరు, బాదంపప్పు నానబెట్టుకుని తినమన్నారు అందరూ.

తిరుపతిలో ఒక న్యూరాలజీ డాక్టరుకు చూపించుకున్నాను. చిన్నప్పటి జబ్బు సంగతి చెప్పగానే ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, "తలకు రేడియేషన్ ఇచ్చారామ్మా? మొత్తం ఎంత?" అని అడిగారు. ఇచ్చారని తెలుసు, జుట్టు ఊడటం గుర్తుంది. ఎంతో ఎవరికి తెలుసు! "అది తెలిస్తే సగం పని అయినట్టే" అన్నారు.

అప్పట్లో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల కాన్సర్ ఆసుపత్రి లేదు. మా జిల్లావాళ్లం వేలూరుకో మద్రాసుకో బెంగళూరుకో పరిగెత్తేవాళ్లం. నాకు వైద్యం చేసిన చోట అడిగితే అంత పాత రికార్డులు ఉండవన్నారు. మర్యాదగానే అన్నారు, కానీ ఇంకో కౌంటర్‌కి, అక్కడినుంచి మరో కౌంటర్‌కి తిప్పాకే ఆ మాట అన్నారు. చివరికి కాగితాలు దొరికింది మా ఇంట్లోనే. నాన్న ఆర్టీసీలో కండక్టర్. మెడికల్ బిల్లుల కోసం పెట్టుకున్న ప్రతి కాగితానికీ జిరాక్స్ తీసి ఫైలు కట్టారు. అమ్మకు ఆ ఫైలు తియ్యడమే ఇష్టం లేదు. "మానిపోయింది గదా, మళ్లా ఎందుకు మే దాన్ని కదిలించేది?" అంది. అందులో ఉంది: తలకు రేడియేషన్ 18 గ్రే (రేడియేషన్‌ను కొలిచే లెక్క అది), నడుములో మెథోట్రెక్సేట్ అనే కాన్సర్ మందు సూదులు, ఇంకా గుండెకు భారమయ్యే రకం మందు ఒకటి, డోసులతో సహా.

తలకెందుకు ఇచ్చారో డాక్టరు బొమ్మ గీసి చెప్పారు. రక్తంలోంచి మెదడులోకి ఏది పడితే అది పోకుండా ఒక కాపలా ఉంటుంది. మందులు కూడా సరిగా లోపలికి పోవు, కాబట్టి కాన్సర్ కణాలు అక్కడ దాక్కుంటాయి. అందుకే రేడియేషన్, నడుము సూదులు. అవి లేకపోతే జబ్బు మెదడులోంచి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కానీ ఎదిగే వయసు పిల్లల మెదడులో సమాచారాన్ని మోసే తెల్లపదార్థం వాటివల్ల కొంత దెబ్బతినొచ్చు. ఇంకో సంగతి విని ఆశ్చర్యపోయాను. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఈ మెథోట్రెక్సేట్ జాతి మందులు తయారైంది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో. 1948లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ బ్లడ్ కాన్సర్ పిల్లల మీద ఫలితం చూపించింది అలాంటి మందుతోనే. నన్ను బతికించిన మందు, నా బుర్రను కాస్త నెమ్మది చేసిన మందు ఒకటే కావచ్చన్నమాట. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఇంటికొచ్చాక ఈ విషయం మీద దొరికినవి చదివాను. అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో, చిన్నప్పుడు కాన్సర్ తగ్గినవాళ్లను పెద్దయ్యాక మళ్లీ పిలిచి పరీక్షిస్తున్నారు. 2007 నుంచి నడుస్తోంది ఆ అధ్యయనం. 2013లో వాళ్లు వేసిన ఒక వ్యాసం ప్రకారం తలకు 24 గ్రే పడినవాళ్లలో జ్ఞాపకశక్తి లోపం ఎక్కువ, 18 పడినవాళ్లలో అంత లేదు. నాన్న ఫైలు విలువ నాకు అప్పుడు తెలిసింది. అదే ఏడాది ఇంకో వ్యాసంలో, సగటున ముప్పై మూడేళ్లున్న ఆడవాళ్లలో 13.1 శాతం, మగవాళ్లలో 2.7 శాతం మంది శరీరం అరవై ఐదు దాటిన వాళ్లలా బలహీనపడిందని తేలింది. కండ తగ్గడం, పట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, నీరసం లాంటివి చూసి లెక్కేశారు. 2021లో అన్నాలిన్ విలియమ్స్, కెవిన్ క్రల్ బృందం దీన్నే ముందుకు తీసుకెళ్లింది. శరీరం అలా బలహీనపడినవాళ్లలో కొన్నేళ్లకు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కూడా తగ్గుతున్నాయని చూపింది. ముసలితనం ముందే తలుపు తడుతోందా అన్నదే వాళ్ల ప్రశ్న. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాకు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్ష చేసిన రోజు క్లినికల్ సైకాలజిస్ట్ మేడమ్ ముందే అడిగారు, ఏ మీడియంలో చదువుకున్నావని. తెలుగు మీడియం. అందుకని ఇంగ్లీషు అక్షరాలు కలిపే పరీక్ష కాకుండా, రంగు రంగుల సున్నాల్లో ఉన్న అంకెల్ని వరసగా కలిపేది ఇచ్చారు. మన దేశంలో వయసు, చదువును బట్టి కట్టిన ప్రమాణాలతోనే పోల్చారు. ఇది అడిగి తెలుసుకోవాల్సిన విషయం, ఎందుకంటే అమెరికావాళ్ల మార్కులతో కొలిస్తే తేడా లేనివాళ్లకూ తేడా కనిపిస్తుంది. పదిహేను పదాలు ఐదుసార్లు చదివి వినిపించి అప్పజెప్పమన్నారు, ఇంకో జాబితాతో గందరగోళం చేశారు, అరగంటయ్యాక మొదటివి మళ్లీ అడిగారు. అంకెల్ని వెనకనుంచి చెప్పడం దగ్గర నాకు చెమటలు పట్టాయి. సగం పూటకు పైనే పట్టింది. అయ్యేసరికి పొలంలో రోజంతా కలుపు తీసినట్టయింది ఒళ్లు.

రిపోర్టులో తేలింది నేను అనుకున్నది కాదు. ఒకసారి బుర్రకెక్కిన పదాలు అరగంట తర్వాత కూడా దాదాపు అన్నీ చెప్పాను. ఎక్కడమే ఆలస్యం. వేగం, ఏకాగ్రత తక్కువ, రెండు పనులు ఒకేసారి వస్తే అసలు ఎక్కదు. లారీ బరువు నేను మర్చిపోవడం లేదు, అది లోపలికి చేరకముందే ఫోన్ మోగుతోంది. అంతకుముందే థైరాయిడ్, బీ12, వినికిడి, నిద్ర చూశారు. థైరాయిడ్ తేడాగా ఉంటే మాత్ర మొదలుపెట్టారు. గుండెకు ఎకో తీశారు, బాగుంది. ఇవేవీ చూడకుండా నేరుగా మెదడు మీదికి నెట్టెయ్యకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు.

ఇది తగ్గుతూ పోతుందా అని అడిగితే, "ఒక్క పరీక్షతో చెప్పలేమమ్మా, ఇది మొదటి గుర్తు, రెండోసారి చేస్తేనే తేడా తెలుస్తుంది" అన్నారు. మొదట నిరాశగా అనిపించినా ఇప్పుడు నాకు అదే ఈ వ్యవహారం మొత్తంలో పనికొచ్చిన మాట. ఇన్నేళ్లూ నా బుర్ర ఎలా ఉండేదో ఎక్కడా రాసి లేదు. ఇప్పుడుంది.

మేనేజర్‌కు జబ్బు సంగతి చెప్పలేదు, బరువులు కేకేసి చెప్పొద్దు, చీటీ రాసి పంపమని మాత్రం అడిగాను. ఒప్పుకున్నారు. కాటా కుర్రాడి చేతిరాత చదవడం వేరే పరీక్ష అనుకోండి. సాయంత్రాలు నడుస్తున్నాను, బరువులు కూడా కొంచెం ఎత్తుతున్నాను. మళ్లీ పరీక్షకు మార్చిలో తేదీ అడిగి తీసుకున్నాను, కాయ దిగేలోపే అయిపోవాలని.