ఆ ముడి పెళ్లికి కాదు

జపాన్‌లో పెళ్లికి వెళ్తే డబ్బు మామూలు కవర్లో పెట్టి ఇవ్వరు. మందపాటి తెల్ల కాగితం మడిచి, దాని మీద రంగు తాళ్లతో ముడి వేసిన కవరు ఉంటుంది. ఆ తాళ్లే మిజుహికి. తీగలా కనిపిస్తాయి గానీ కాగితమే. వాషి అనే జపాన్ కాగితాన్ని సన్నగా కోసి, పురిపెట్టి, గంజి పట్టించి, బిగలాగి ఆరబెడతారు. మంగళగిరిలో మా అమ్మమ్మ వాళ్ల వీధిలో పడుగు సాచి గంజి పెట్టడం చూసి పెరిగినవాణ్ణి, ఇది చూడగానే ప్రాణం లేచొచ్చింది.

నేను పనిచేసే మిజుహికి కార్ఖానా ఉన్న ఊరు నగానో ప్రిఫెక్చర్‌లోని ఈదా. దేశంలో తయారయ్యే మిజుహికిలో దాదాపు 70 శాతం ఇక్కడిదే. మా ఓనర్ల పూర్వీకులు మొదట చేసింది మొతోయుయి అట, అంటే పిలక బిగించే కాగితపు తాడు. 1871లో పిలక తీసేయొచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. సుమో వాళ్ల సిగలకు మాత్రం ఇప్పటికీ అదే కావాలి.

చేరిన కొత్తలో నాది ప్యాకింగ్ పని. ఒకరోజు పెళ్లి కవర్ల ఆర్డర్లో అందంగా ఉన్నాయి కదా అని సీతాకోకచిలుక ముడి ఉన్నవి సర్దేశాను. ఓనరు గారి అమ్మ, ఎనభై దాటిన ఆవిడ, పెట్టె తెరిచి చూసి ఒక్క మాటా అనకుండా తాడు కొస పట్టి లాగింది. ముడి ఊడిపోయింది.

"చూశావా? ఇది బిడ్డ పుట్టినప్పుడు. మళ్లీ మళ్లీ రావాలని. పెళ్లికి ఊడొచ్చే ముడి ఇస్తావా, బాబూ?"

పెళ్లికి విప్పరాని ముడే ఉండాలి. చావుకీ అలాంటిదే, మళ్లీ రాకూడదని. రంగు మాత్రం నలుపు, తెలుపు. మూడు ముళ్ల దేశం నుంచి వచ్చి ఆ మాత్రం తట్టలేదేమని సిగ్గేసింది.

ఆ రోజు ఆవిడ కవరు వెనక మడత కూడా చూపించింది. శుభకార్యానికి కింది మడత పైకి వస్తుంది, సంతోషాన్ని దోసిట పట్టినట్టు. చావుకైతే పై మడత కిందికి, తల వంచినట్టు. చావు కవరు మీద పేరు పలచటి సిరాతో రాస్తారు, కన్నీళ్లు పడి పలచబడిందని. పెళ్లికి కొత్త నోట్లు, చావుకి కొత్తవి పెట్టరు. స్నేహితుల పెళ్లికి ఎక్కువగా 30,000 యెన్లు ఇస్తారు. అంటే మూడు పదివేల నోట్లు. నోట్ల లెక్క రెండుగా విడిపోయేది కాకూడదట. మన 1116 లెక్క చెబితే ఆవిడకు తెగ నచ్చింది.

పోయినేడు మా పిన్ని కూతురి పెళ్లికి వస్తుంటే, పది తాళ్ల పెళ్లి కవరు ఆవిడే స్వయంగా కట్టి ఇచ్చింది. చదివింపులు రాసే బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మైకులో నా పేరు చదివాడు. ముడి ఎంతకీ ఊడలేదు. జేబులోంచి కత్తెర తీసి కసుక్కున కత్తిరించాడు.

పెళ్లి ఎలా జరిగిందని పెద్దావిడ అడిగింది. బాగా జరిగిందన్నాను. కత్తెర సంగతి మాత్రం చెప్పలేదు.