బీరువా తాళం తీసిన వారం

మా పాఠశాలలో గ్రంథాలయమంటే చాలాకాలం స్టాఫ్ రూములో తాళం వేసి ఉన్న రెండు బీరువాలే. పుస్తకం పోతే ఎవరు సమాధానం చెప్పాలన్న భయంతో ఉపాధ్యాయులెవరమూ వాటి జోలికి వెళ్లేవాళ్లం కాదు. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల బాధ్యత నిరుడు నాకు అప్పగించినప్పుడు, వ్యాసరచన, వక్తృత్వ పోటీలతో సరిపెట్టకుండా, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లల చేతికి పుస్తకాలే ఇవ్వాలని నిశ్చయించుకున్నాను.

మొదటి రోజు పిల్లలే పాత క్యాలెండర్ కాగితాలతో అట్టలు వేసి, మైదాపిండి జిగురుతో తేదీ చీటీలు అంటించారు. ఆ జిగురుకు పురుగు పడుతుందని తరువాత తెలిసింది. అది వేరే సంగతి.

1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపిన వైనం చెప్పగానే, ఏడో తరగతివారు అట్టపెట్టెను పడవగా మలిచి, తాడు కట్టి, వరండా పొడవునా పుస్తకాలు లాక్కుంటూ తిరిగారు. క్విజ్ మాత్రం చప్పగా సాగింది.

నాకు బాగా గుర్తున్నది గురువారం మధ్యాహ్నం. తరగతిలో నోరు విప్పని ఆరో తరగతి అమ్మాయి ఒకతె, అక్షరాల కింద వేలు జరుపుతూ, తెనాలి రామకృష్ణుని కథను వంటమ్మకు చదివి వినిపిస్తోంది. ఆమె గరిటె పక్కన పెట్టి, "తరువాత ఏమైందే?" అని అడుగుతోంది.