ఎల్లోస్టోన్‌లో ఏ వేళకు ఏది చూడాలి: నా అనుభవం

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకునే వాళ్లు ముందుగా మ్యాపే తెరుస్తారు. లోపలి ప్రధాన రోడ్డు 8 అంకె ఆకారంలో 142 మైళ్లు ఉంటుంది కాబట్టి పై సున్నా ఒకరోజు, కింది సున్నా ఒకరోజు అని పంచేసుకుంటారు. అలా వరసగా చూసుకుంటూ పోతే మిట్టమధ్యాహ్నం లోయల్లో జంతువుల కోసం వెతుకుతారు, పొద్దున్నే చలిలో రంగుల గుండం దగ్గర నిలబడి ఆవిరి చూసి వస్తారు. నేను రోజును వేళలుగా విడగొట్టుకున్నాను. తెల్లవారుజామున, పొద్దువాలే వేళ జంతువులు. ఎండెక్కాక వేడినీటి గుండాలు. గీజర్లు, అంటే నేలలోంచి ఆగి ఆగి పైకి ఎగిసే వేడినీటి ఊటలు, మాత్రం వాటి టైముకి.

ముందు బస సంగతి. పార్కు లోపలి లాడ్జీల్లో గదులు నెలల ముందే అయిపోతాయి. దొరికినా టీవీ, ఏసీ, మైక్రోవేవ్ ఆశించకండి. బయట ఉండాల్సి వస్తే ఒకే ఊళ్లో అన్ని రాత్రులూ బుక్ చేయకపోవడమే మేలు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ వైపుకి వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరు (సుమారు 30 మైళ్లు), జంతువులుండే లమార్ లోయకి గార్డినర్ ఊరు. గార్డినర్ నుంచి కుక్ సిటీకి వెళ్లే రోడ్డొక్కటే ఏడాది పొడవునా కార్లకు తెరిచి ఉంటుంది. మిగతావి నవంబర్ మొదట్లో మూసేసి ఏప్రిల్ మధ్య నుంచి ఒక్కొక్కటే తెరుస్తారు.

కారుకు ఏడు రోజుల టికెట్ 35 డాలర్లు. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని, 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ వార్షిక పాస్ లేకపోతే ఇంకో 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. రోడ్లు చాలావరకు 7,500 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉంటాయి, పెద్దవాళ్లకు కాస్త నడిస్తేనే ఆయాసం వస్తుంది. జూలైలో కూడా రాత్రిళ్లు గడ్డకట్టే చలి దాకా దిగుతుంది కాబట్టి స్వెట్టర్లు తప్పనిసరి. లోపల ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో ఎల్లోస్టోన్ పేజీని ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోవాలి.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గంట కొట్టినట్టు పేలదు. కిందటిసారి ఎంతసేపు ఎగసిందో చూసి తర్వాతి టైము కడతారు. రెండున్నర నిమిషాల లోపే ఆగిపోతే సుమారు గంటకి, అంతకన్నా ఎక్కువసేపు ఎగిస్తే గంటన్నరకి. పది నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. విజిటర్ సెంటర్ బోర్డు మీద టైము రాసి ఉంటుంది. అయిపోగానే జనమంతా ఒకేసారి పార్కింగ్ వైపు కదులుతారు, అరగంట కారు కదలదు. ఆ సమయంలో చెక్క బాట పట్టుకుని మార్నింగ్ గ్లోరీ గుండం దాకా నడవండి. క్యాజిల్, గ్రాండ్, డైసీ, రివర్‌సైడ్ గీజర్ల అంచనాలూ అదే బోర్డు మీద ఉంటాయి. ఓపిక ఉంటే గ్రాండ్ దగ్గర కూర్చోండి. టైము చెప్పగలిగే గీజర్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తుకు ఎగిసేది అదే. నా లెక్కలో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాని తర్వాతే.

పార్కు అంత ఎత్తులో ఉండటం వల్ల నీళ్లు నేల పైన 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. గీజర్ లోపల మాత్రం పైనున్న నీటి బరువు వల్ల అంతకన్నా ఎంతో వేడెక్కినా మరగవు. ఇరుకు గొంతులోంచి కొంచెం నీరు పొర్లిందంటే, కుక్కర్ వెయిట్ లేపినట్టు ఒత్తిడి పడిపోయి మిగతాదంతా ఒక్కసారి ఆవిరవుతుంది. ఆ నీటిలో రాతి నుంచి కరిగిన సిలికా అనే ఖనిజం ఉంటుంది. తుంపర కళ్లద్దాల మీదో కెమెరా లెన్స్ మీదో పడితే తడి ఆరకముందే మెత్తటి గుడ్డతో అద్దేయాలి. ఆరిందంటే తెల్లటి చుక్కలు అతుక్కుపోతాయి, తర్వాత గట్టిగా రుద్దితే పైనున్న కోటింగే పోతుంది.

గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల వేడినీటి గుండాన్ని దగ్గర్నుంచి చూస్తే ఆ రంగుల వలయం మొత్తం కంటికి అందదు. ఫెయిరీ ఫాల్స్ పార్కింగ్ నుంచి 0.6 మైలు నడిస్తే పైనుంచి చూసే చోటు వస్తుంది. మధ్యలో నీలంగా ఉన్న నీరు మరీ వేడి, అక్కడ రంగులిచ్చే సూక్ష్మజీవులు బతకవు. అంచులకు వచ్చేకొద్దీ నీరు చల్లారుతూ పసుపు, నారింజ, ఇటుక రంగు జీవుల పట్టీలు కనిపిస్తాయి. మధ్యాహ్నం పార్కింగ్ దొరకడం కష్టం. వేసవిలో సాయంత్రం ఐదింటికీ ఎండ బాగానే ఉంటుంది, నేనైతే అప్పుడే వెళ్లమంటాను. మే నెలాఖరు దాకా ఎలుగుబంట్ల కోసం ఆ దారి మూసి ఉంచుతారు.

చెక్క బాట దిగొద్దు. టోపీ ఎగిరిపడినా సరే. పైన గట్టిగా కనిపించేది పలుచటి పెచ్చు, కింద మరిగే నీళ్లు. ఇప్పటివరకు ఇరవై మందికి పైగా ఇలా కాలి చనిపోయారు. బాట మీద ఉన్నా అక్కడి హెచ్చరిక బోర్డులు చదవాల్సిందే: 2024 జూలై 23న బిస్కట్ బేసిన్‌లో గుండం పేలి రాళ్లు ఎగిరి బాటే విరిగిపోయింది.

బైసన్‌ల (అమెరికా అడవిదున్నల) మందలు హేడెన్, లమార్ లోయల్లో. 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ల సంతతి కోసమైతే లమారే, అదీ వెలుతురు వచ్చేసరికి అక్కడ ఉండాలి. ఉత్త కంటికి అవి చుక్కలే. స్టాండు మీద స్కోపులు (దూరాన్ని దగ్గరగా చూపే గొట్టాలు) పెట్టుకున్నవాళ్లు రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉంటే అక్కడ ఆగి అడగండి, చాలామంది సంతోషంగా చూడనిస్తారు. ఎలుగుబంట్లు, తోడేళ్లకు 100 గజాలు, బైసన్, ఎల్క్ అనే పెద్ద జింకలకు 25 గజాలు దూరం ఉండాలన్నది నియమం. బైసన్ తోక నిక్కబొడిచిందంటే ఫోటో మాట మరిచి వెనక్కి తగ్గాలి, అది మనకన్నా మూడింతలు వేగంగా పరుగెత్తుతుంది. మంద రోడ్డెక్కితే హారన్ కొట్టకుండా కార్లోనే కూర్చోవాలి. ఒక్కోసారి గంట పోతుంది, కాబట్టి పెట్రోలు సగానికి రాకముందే నింపుకోండి.

పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడం మంచిదే, లోపల శాకాహారం తక్కువ. కానీ డబ్బా, కూలర్ పిక్నిక్ బల్ల మీద వదిలి అటు వెళ్తే జరిమానా వేయొచ్చు. అన్నీ కార్లోకో ఎలుగుబంటి తెరవలేని ఇనప పెట్టెలోకో చేరాలి. బేర్ స్ప్రే (ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే కారం స్ప్రే) బ్యాగు అడుగున కాకుండా చేతికందే చోట, నడుముకి ఉండాలి. దాన్ని చేతి సామానులో గానీ చెకిన్ లగేజీలో గానీ విమానం ఎక్కనివ్వరు. అక్కడికి వెళ్లాకే కొనడమో అద్దెకు తీసుకోవడమో చేసి, ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందే అప్పజెప్పేయండి.