అక్రోపోరా ఫ్లాట్‌వర్మ్‌ల మీద ఆరో డిప్: మళ్ళీ ఆరు పురుగులు

ఆరు పురుగులు. నా ట్యాంక్‌లోని అక్రోపోరా పగడాల్ని (అక్రోలని) తినే చదును పురుగులు, ఫ్లాట్‌వర్మ్‌లు. నిన్న రాత్రి పదకొండింటికి లాండ్రీ రూమ్‌లో నేల మీద కూర్చుని, ఫోన్ టార్చ్ వేసి, తెల్ల బకెట్ అడుగున లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టినా ఆరే. డిప్ అంటే పగడాల్ని మందు నీళ్ళలో ముంచి పురుగుల్ని రాల్చడం. నాలుగో డిప్‌లో సున్నా, ఐదో డిప్‌లో సున్నా వచ్చేసరికి, అక్రోలని మెయిన్ ట్యాంక్‌లోకి ఎప్పుడు మార్చాలా అని క్యాలెండర్ చూసుకుంటున్నవాణ్ణి. నిన్నటిది ఊరికే మనశ్శాంతి కోసం చేసిన డిప్. ఉన్న శాంతి కూడా పోయింది.

రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే నోట్‌బుక్ ముందేసుకుని మొదటి రోజు నుంచి లెక్క తీశాను. ఎక్కడ తప్పానో కొంత తెలిసింది, కొంత ఇప్పటికీ తేలలేదు.

మిగతా సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తా. పోయినేడు పట్టిన రెడ్ బగ్స్ (అక్రోలకి పట్టే ఇంకో పురుగు) ఇంటర్‌సెప్టర్ అనే మందు మూడు డోసులతో పోయాయి, మళ్ళీ రాలేదు. మాంటిపోరాలు (ఇంకో రకం పగడాలు) బాగున్నాయి, నీళ్ళ ఆల్కలినిటీ (క్షారగుణం) 8.3 దగ్గర కదలకుండా ఉంది. 120 గ్యాలన్ల మెయిన్ ట్యాంక్‌లో అక్రో అన్నది లేక నలభై రెండు రోజులైంది. ఏడు అక్రోలూ 20 గ్యాలన్ల క్వారంటైన్‌లో ఉన్నాయి.

ఈ ఫ్లాట్‌వర్మ్‌ని చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చూపించినా కనపడదు. ఏ పగడాన్ని తింటే ఆ రంగే దాని ఒంటికి వస్తుంది. 2011లో దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టింది కూడా అక్వేరియంలలో దొరికినవాటిని చూసే. సముద్రంలో, గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోని లిజర్డ్ ఐలండ్ దగ్గర కనపడింది ఆ తర్వాతే. నా దగ్గరికి డిసెంబర్‌లో కొన్న ఒక ఫ్రాగ్‌తో, అంటే పగడం నుంచి కోసిన చిన్న ముక్కతో, వచ్చింది. ఎవరి దగ్గర కొన్నానన్నది అనవసరం, క్వారంటైన్ చెయ్యకుండా ట్యాంక్‌లో పెట్టింది నేనే.

నోట్‌బుక్‌లో ఉన్న లెక్క ఇది. మొదటి రోజు డిప్‌లో 41 పురుగులు. ఏడో రోజు 9. పద్నాలుగో రోజు 3. ఇరవై ఒకటిన సున్నా, ఇరవై ఎనిమిదిన సున్నా. నలభై రెండున 6. నిన్నటి ఆరింట్లో అయిదు 2 నుంచి 3 మిల్లీమీటర్లు, ఒకటి మాత్రం 5. ఈ 5 మి.మీ. దాని గురించి మళ్ళీ చెప్తాను, నిద్ర చెడగొట్టింది అదే.

డిప్‌కి వాడుతున్నది తోటల పురుగుమందు, ఒకప్పుడు బేయర్ పేరుతో వచ్చేది, ఇప్పుడు డబ్బా మీద బయోఅడ్వాన్స్‌డ్ అని ఉంటుంది. లీటరు ట్యాంక్ నీళ్ళకి 40 మి.లీ., పది నిమిషాలు, బేస్టర్‌తో (నీళ్ళు చిమ్మే రబ్బరు బుడ్డి గొట్టం) గట్టిగా కొడుతూ ఉండాలి, తర్వాత మూడు బకెట్లలో కడగాలి. కోరల్ ఆర్ఎక్స్ కూడా పనిచేస్తుంది కానీ ఆ వాసన నాకు పడదు, ఇల్లంతా రెండు రోజులు ఉంటుంది. రెడ్ సీ వాళ్ళ డిప్ఎక్స్ కొత్త ఫ్రాగ్‌లకి వాడతాను. పురుగు ఉందని ఖాయంగా తెలిసినప్పుడు మాత్రం తోట మందే. ఇది చేపల కోసం చేసిన మందు కాదు, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి.

ఈ మందు డబ్బా మా నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. మాది ప్రత్తిపాడు దగ్గర, పత్తీ మిర్చీ వేస్తాం. "రాయికి పురుగు పట్టడమేంట్రా?" అని ముందు నవ్వాడు. లేబుల్ మీద ఇమిడాక్లోప్రిడ్ అని చదివి వినిపించగానే, "ఇది మన కాన్ఫిడారేగా! పత్తిలో పచ్చదోమకి కొడతాం" అన్నాడు. పక్కన బీటా-సైఫ్లుత్రిన్ కూడా కలిపారు నాన్నా అన్నాను. అదేమీ పట్టించుకోకుండా ఆయన మొదట అడిగిన ప్రశ్న, ఆ మందు నీళ్ళు ఎక్కడ పోస్తున్నావని. రొయ్యల చెరువులున్న జిల్లాల పక్కనే బతికిన మనిషి మరి. డబ్బాల్లో పోసి, ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇచ్చి వస్తున్నానని చెప్తే అప్పుడు కుదుటపడ్డాడు.

రెండో మాట ఇంకా గట్టిది. "గుడ్డు మీద మందు కొట్టి ఏం లాభం? పగిలి పిల్ల బయటికి వచ్చాక కొట్టాలి. చలికాలం గుడ్డు ఆలస్యంగా పగులుద్ది, అదన్నా చూసుకుంటున్నావా?"

గుడ్డుకి మందు అంటదని నాకూ తెలుసు. తెలిసి కూడా చేతులు ఊరుకోలేదు. పద్నాలుగో రోజున ఒరెగాన్ టార్ట్ అనే అక్రో మొదలు దగ్గర, చర్మం పోయి తెల్లగా ఉన్న చోట, బంగారు రంగు గుడ్ల మచ్చ ఒకటి దొరికింది. యూఎస్‌బీ మైక్రోస్కోప్‌లో ముప్పైకి పైగా లెక్కకొచ్చాయి. బ్లేడుతో గీకి, ముప్పై గుడ్లని మూడు ప్లాస్టిక్ కప్పుల్లో పదేసి వేశాను. ఒక కప్పుకి పురుగుమందు పది నిమిషాలు, ఒకదానికి లుగాల్స్ అయోడిన్ పది నిమిషాలు, మూడోదానికి ఏమీ లేదు. ట్యాంక్ వేడి ఉంటుందని మూడు కప్పులనీ క్వారంటైన్ గోడకి క్లిప్పులతో తగిలించి నీళ్ళలో సగం ముంచాను. రోజూ సగం నీళ్ళు మార్చాను.

కప్పుల్లో వేశాక పన్నెండో రోజుకి గుడ్ల లోపల నల్లటి కంటిచుక్కలు కనపడ్డాయి, మూడు కప్పుల్లోనూ. పదిహేడో రోజున మొదటి పిల్ల బయటికి వచ్చింది. పంతొమ్మిదో రోజుకి మందు తగలని కప్పులో పదింట్లో ఎనిమిది పగిలాయి, అయోడిన్ కప్పులో ఎనిమిది, పురుగుమందు కప్పులో ఏడు. పదింట్లో ఒక్కటి తగ్గిందని మందు పనిచేసిందని ఎవరూ అనరు.

ఇక్కడే నా తెలివి తెల్లారింది. కప్పుల లెక్కలో పదిహేడో రోజు అంటే మొత్తం లెక్కలో ముప్పై ఒకటో రోజు. నేను డిప్‌లు ఆపేసింది ఇరవై ఎనిమిదిన. కళ్ళ ముందు గుడ్లు పగులుతుంటే, ఏ మందుకి ఎన్ని చచ్చాయా అన్నదే చూశాను గానీ, ఇవి ఇవాళ పగులుతున్నాయంటే నాకు కనపడని గుడ్లు కూడా ఇవాళే పగులుతున్నాయన్న ఆలోచన రాలేదు. ఉన్న మచ్చ గీకేశాను కదా, ఇంకేం మిగిలి ఉంటాయిలే అనుకున్నాను.

అసలు పదిహేడు రోజులు ఎందుకు పట్టింది? నేను రెండు వారాలు అనుకుని డిప్‌లు ప్లాన్ చేసుకున్నాను. నాన్న చలికాలం మాట అన్నాక వెళ్ళి గాజు థర్మామీటర్ ట్యాంక్ అవతలి చివర పెట్టాను. కంట్రోలర్ 25.5 అంటోంది, గాజుది 23.4 అంటోంది. కంట్రోలర్‌కి వేడి కొలిచిచ్చే ప్రోబ్‌ని హీటర్ పక్కన తగిలించింది నేనే. గరాజ్ గోడకి ఆనుకున్న గది, జనవరి చలి. రెండు డిగ్రీల తేడాని నలభై రోజులు గమనించలేదు. మెయిన్ ట్యాంక్‌లో అయితే అరడిగ్రీ కదిలినా ఫోన్‌కి అలర్ట్ వస్తుంది.

రెండో తప్పు జాలి. టార్ట్ అప్పటికే పాలిపోయి ఉంది. మొదటి డిప్‌లో ఆరు నిమిషాలకే జిగురు కారుతోందని బయటికి తీసేశాను. ఏడో రోజున దానికి అసలు డిప్ ఇవ్వలేదు, ఒక వారం కోలుకోనిద్దాం అనుకున్నాను. పద్నాలుగో రోజున దొరికిన మూడు పురుగులూ టార్ట్ మీదవే, అందులో ఒకటి 9 మి.మీ. ఆ వారమంతా అవి తింటూ గుడ్లు పెట్టుకుంటూ హాయిగా ఉన్నాయి. పద్నాలుగున పెట్టిన గుడ్డు, 23.4 డిగ్రీల్లో పదిహేడు నుంచి పంతొమ్మిది రోజులంటే, ముప్పై ఒకటి, ముప్పై మూడు మధ్య పగులుతుంది. నిన్నటికి ఆ పిల్లల వయసు తొమ్మిది, పదకొండు రోజులు. 2, 3 మి.మీ. పురుగులకి ఈ లెక్క సరిపోతుంది.

5 మి.మీ. దానికి సరిపోదు. అది ముందే పుట్టి ఉండాలి. అంటే నా సున్నాల్లో కనీసం ఒకటి సున్నా కాదు. అప్పుడే పుట్టిన పిల్ల బకెట్ అడుగున మామూలు కంటికి దుమ్ములాగే ఉంటుంది, నేను కళ్ళతోనే చూశాను. లేదా ప్లగ్‌కీ (పగడాన్ని అంటించే చిన్న దిమ్మ) పగడానికీ మధ్య సందులో దూరి మందు తగలకుండా తప్పించుకుంది. రెడ్ ప్లానెట్ అనే ఇంకో అక్రో ప్లగ్‌కి పాత వర్మెటిడ్ నత్తల గొట్టాలు మూడున్నాయి, వాటి లోపలికి బేస్టర్ నీళ్ళు కూడా పోవు.

ఇంకో అనుమానం ఉంది, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. ముప్పై మూడో రోజు పొద్దున చూస్తే ఒక కప్పు క్లిప్ జారి పక్కకి ఒరిగి ఉంది. అయోడిన్ కప్పు. అందులో ఎనిమిది గుడ్లు పగిలాయి, నేను తీసి పారేసిన పిల్లలు ఆరు. మిగతావి చచ్చి కరిగిపోయాయని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పుడా వాక్యం చదువుతుంటే నాకే నమ్మకం కలగట్లేదు. ప్రయోగం పేరుతో నా క్వారంటైన్‌లో పురుగుల్ని నేనే వదిలానేమో. అయినా అవి కూడా తొమ్మిది, పదకొండు రోజుల పిల్లలే అవుతాయి, 5 మి.మీ. దాని సంగతి అలాగే మిగిలింది.

ఇక చెయ్యాల్సినవి. ప్రోబ్‌ని హీటర్‌కి దూరంగా మార్చేశాను, ఇవాళ సాయంత్రానికి గాజు థర్మామీటర్‌లో 25.1 వచ్చింది. రోజుకి అరడిగ్రీ చొప్పున 26.5కి తీసుకెళ్తాను. వేడిలో గుడ్లు త్వరగా పగులుతాయి, పగిలితేనే కదా మందు తగిలేది. డిప్ ఇకనుంచి అయిదు రోజులకోసారి. ఆఖరి పురుగు కనపడిన రోజు నుంచి ఆరు వారాలు సున్నా వస్తేనే ఆపడం. డిప్ నీళ్ళని కాఫీ ఫిల్టర్‌లో వడగట్టి, ఆ కాగితాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాలి. కప్పుల ప్రయోగాలు ఇక వంటింట్లోనే, ట్యాంక్ దరిదాపుల్లో కాదు. మా ఆవిడ దీనికింకా ఒప్పుకోలేదు.

అన్నిటికంటే ముఖ్యం, మొదళ్ళు వదిలెయ్యడం. గుడ్లుండేది మొదట్లో, చర్మం లేని చోట. కొసలు కోసి కొత్త ప్లగ్‌ల మీద అంటించి, పాత మొదళ్ళూ ప్లగ్‌లూ చెత్తలో వేస్తాను. నాన్న కూడా తెగులు పట్టిన కొమ్మని విరిచి పొలం బయట పారేస్తాడు, చెట్టు మీద పెట్టి మందు కొట్టడు. పగడాలు కోసే గ్రిఫన్ బ్యాండ్ సా (రంపం మెషిన్) కొందామని రెండేళ్ళుగా అనుకుంటున్నాను, ఏడు ఫ్రాగ్‌ల కోసం అంత ఖర్చు దండగ, బోన్ కట్టర్ చాలు. ఇదంతా తేలితే మెయిన్ ట్యాంక్ పక్కన ఒక చిన్న ఫ్రాగ్ ట్యాంక్ పెట్టాలని ఉంది, వచ్చిన ప్రతి కొత్త ఫ్రాగ్ అందులో రెండు నెలలు ఉండేలా. దానికి సంప్ (ఫిల్టర్లుండే తొట్టి) ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తుంటే డ్రయ్యర్ పక్కన పద్దెనిమిది అంగుళాల చోటు కనపడింది. ఆ చోటు బట్టల బుట్టది.

రేపు సాయంత్రం ముందు టార్ట్‌నే కోస్తాను. రెండు కొసలు బతికి ఉన్నాయి, ఒకటి ముప్పావు అంగుళం, ఇంకోటి అంతకన్నా తక్కువ. ఏడో డిప్‌లో దానికీ పది నిమిషాలే.